ప్లైవుడ్ కోర్టు

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో సినిమావాళ్లు కోర్టు కడుతున్నారని తెలిసిన రోజే కిష్టన్న వెళ్లి దాని గోడ మీద వేళ్లతో కొట్టి చూశాడు. లోపల ఏమీ లేని చప్పుడు వచ్చింది. బయటి నుంచి చూస్తే మాత్రం ఏళ్ల తరబడి వానకు నాని, ఎండకు పెచ్చులూడిన సర్కారు గోడ. ఆ పెచ్చులు కూడా రంగుతో వేసినవేనని తెలిసి ఆయనకు భలే ముచ్చటేసింది.

"కొత్త గోడను పాతగ జేసుడు గూడ ఒక పనేనా?" అని పెయింటర్ని అడిగాడు.

"పాతగా లేకపోతే కోర్టని ఎవరు నమ్ముతారు బాబాయ్" అన్నాడు పెయింటర్ నిచ్చెన దిగకుండానే.

కిష్టన్న సంగతే అంత. ప్రాణహిత ఒడ్డున వరి పండించే మనిషి, పొలం పని పొలం పనే, కానీ కళ్ల ముందు ఏదైనా జరుగుతుంటే దాని ముందూ వెనకా అడిగి తెలుసుకోందే అన్నం సయించదు. ఊరి చివర ఖాళీగా పడి ఉన్న తునికాకు గోదాము కోర్టుగా మారుతుంటే ఆయన ఇంటి దగ్గర కూర్చోగలడా. జడ్జి కుర్చీ వెనక ఉన్న మూడు సింహాల బొమ్మ థర్మకోల్ అని కనుక్కున్నాడు. బీరువాలో ఉన్న లావు పుస్తకాలకు అట్టలే ఉన్నాయని, లోపల కాగితాలు లేవని తెరిచి చూసుకున్నాడు. ఊళ్లోని అసలు వకీళ్లు కూడా చూడ్డానికి వచ్చారు. అందులో అమిత్ వకీలు జడ్జి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని ఫోటో తీయించుకున్నాడు. పక్కనున్న వకీళ్లు చేతులు కట్టుకుని నిలబడి, "మై లార్డ్" అంటూ నవ్వారు.

కిష్టన్నకు వేషం దొరికింది కూడా ఈ తిరుగుడు పుణ్యమే. జనాన్ని పోగు చేయడం, కూర్చోబెట్టడం, లేపడం చూసుకునే దీపశ్రీ ఆ ఊరి పిల్లే. బజారులో బట్టల దుకాణం వెంకటనర్సయ్య మనవరాలు. హైదరాబాద్‌లో సినిమా పనిలో చేరి, డైరెక్టర్‌ని ఒప్పించి యూనిట్‌ని ఇక్కడికి తెచ్చింది తనే. కోర్టు గుమ్మం దగ్గర నిలబడి పేర్లు పిలిచే బంట్రోతు వేషానికి తెచ్చినాయన గొంతు వరండా కూడా దాటడం లేదని ఆమె తల పట్టుకుంటుంటే, కిష్టన్న నది అవతల ఉన్న పడవ మనిషిని ఇవతలి నుంచే కేకేసి పిలిచాడు. అంతే.

"పెద్దనాయినా, నీకు వేషం ఇస్త. వేస్తవా?"

"కథేందో చెప్పు ముందు" అన్నాడు కిష్టన్న.

దీపశ్రీ ఓపిగ్గా చెప్పింది. ఒక విధవ భూమి గుంజుకుంటారు. ఆమె తరఫున నిలబడ్డ వకీలే అవతలి వాళ్లకు అమ్ముడుపోతాడు. హీరో కొత్త వకీలుగా వచ్చి, నిండు కోర్టులో ఆ సంగతంతా బయటపెడతాడు. సినిమా మొత్తం ఆ సీను మీదే నిలబడాలి.

"ఆమె వకీలే ఆమెను అమ్ముకునుడేంది? గట్ల గూడ అయితదా?"

"సినిమా గద పెద్దనాయినా" అని నవ్వింది దీపశ్రీ.

ఆ సాయంత్రం కొట్టంలో బర్రెకు గడ్డి వేస్తూ ఆయన గొంతు సవరించుకున్నాడు. "లచ్చుబాయీ, హాజిర్ హో." బర్రె నెమరు ఆపి చూసింది. పొయ్యి దగ్గర నుంచి నర్సక్క వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవలామె లచ్చుబాయి?"

"సినిమాల. కోర్టుల పిలువాలె."

"ఇన్నేండ్ల కాపురంల నన్ను ఒక్కపారన్న గంత నోరార పిలిచినవా?" అని ఆవిడ లోపలికి పోయింది. ఆ రాత్రి కూరలో ఉప్పు లేదు. కిష్టన్న ఎందుకని అడగలేదు. ఆయన అడగకుండా వదిలేసిన సంగతులు అలాంటివి కొన్ని ఉన్నాయి.

మొదటి రోజు షూటింగ్ అంతా పిలవడంతోనే గడిచింది. తెల్ల కోటు, ఛాతీ మీద ఏటవాలుగా ఎర్ర పట్టా, దాని మధ్య ఇత్తడి బిళ్ల, తలకు పాగా. అద్దంలో చూసుకుని తనకు తానే దండం పెట్టబోయాడు. గుమ్మంలో నిలబడి పిలవాలి, పిలిచి కుడివైపు జరగాలి. ఆయన పిలిచేవాడు, లచ్చుబాయి వేషం వేసిన నటి వచ్చేది, ఎవరో ఆపమనేవారు, మళ్లీ పిలిచేవాడు. ఒక్కసారి బాగా వస్తే మళ్లీ ఎందుకు తీస్తున్నారని అడిగితే దీపశ్రీ లైటు అంది. ఇంకోసారి అడిగితే సౌండు అంది. ఆ తర్వాత ఆయన దగ్గరికి రాకుండా తప్పుకు తిరిగింది.

రెండో రోజు పొద్దున ఆవరణలో జనం మధ్య కొత్త ఆడమనిషి ఒకామె కనిపించింది. నడివయసు దాటిన మనిషి, ఒళ్లో చిన్న మూట. మిగతావాళ్లు ముచ్చట్లు పెట్టుకుంటుంటే ఆమె మాత్రం గుమ్మం వైపే చూస్తూ గొంతుక్కూర్చుంది. కిష్టన్న లచ్చుబాయిని పిలిచినప్పుడల్లా ఆమె మెడ లేచేది. తన పేరు కాదని తెలిసి మళ్లీ దించుకునేది. వేషం మీద ఇంత శ్రద్ధ ఉన్న మనిషిని ఈ రెండు రోజుల్లో చూడలేదనుకున్నాడు కిష్టన్న.

కాసేపటికి దీపశ్రీ వచ్చి, లోపల బెంచీలు నిండలేదని కొందరిని లేపింది. "నువ్వు గూడ రా అవ్వా" అంది ఆమెను.

"నన్నేనా?"

"నిన్నే."

ఆమె కొంగు సరిచేసుకుని, చెప్పులు బయటే విడిచి, లోపలికి వెళ్లి ముందు బెంచీలో చివరన ఒదిగి కూర్చుంది.

అప్పుడు మొదలైంది పెద్ద సీను. హీరో నల్లకోటు వేసుకుని లేచాడు. లేవడమే మెల్లగా లేచాడు. "ఈమె అడిగింది దానం కాదు, తన మడి. తన చెమట. దాన్ని కాపాడమని ఎవరి చేతిలో పెట్టిందో వాళ్లే దాన్ని అమ్ముకున్నారు" అంటూ మొదలుపెట్టి, గొంతు ఎక్కడ పెంచాలో అక్కడ పెంచి, ఎక్కడ మింగాలో అక్కడ మింగి, చివరికి దొంగ వకీలు ముఖం మీదికి వేలు చూపించి ఆగాడు. గుమ్మం దగ్గర బొమ్మలా నిలబడాల్సిన కిష్టన్నకు, సినిమా అని తెలిసీ ఆ దొంగ వకీలు వేషం వేసిన పెద్దమనిషిని రెండు దెబ్బలు వేద్దామా అనిపించింది.

ముందు బెంచీలో ఆమె ఏడుస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోలేదు, ముక్కు చీదలేదు. కళ్లు హీరో మీది నుంచి తిప్పకుండా, నీళ్లు వాటంతటవే దిగుతుంటే అలాగే చూస్తోంది. మానిటర్ ముందు కూర్చున్న డైరెక్టర్ కుర్చీలోంచి లేచాడు.

"ఎవరామె? ఆ ముఖం కావాలి నాకు. భోజనాలయ్యాక మొదటి క్లోజప్ ఆమెదే. గుమ్మంలో ఆ బంట్రోతు కనబడేటట్టు పెట్టండి. ఆమెను ఎక్కడికీ పోనియ్యకండి."

భోజనాల దగ్గర కిష్టన్న కావాలనే ఆమె పక్కన కూర్చున్నాడు. అంత ఏడుపు ఎవరూ అడక్కుండానే ఎలా వచ్చిందో కనుక్కోవాలని ఆయన ఆశ.

"ఏ ఊరక్కా నీది?"

"పాతగూడెం అవతల, ఇంద్రావతి ఒడ్డుకు. పోశక్క నా పేరు."

"నిన్నెవలు తోలుకొచ్చిండ్రు ఈడికి?"

"మా వకీలు సాబు. పొద్దున బస్సు దిగంగనే ఆయనే బండి మీద తెచ్చి గేటు కాడ దించిండు. ఇయ్యాల కోర్టు ఈడ్నే అన్నడు. పేరు పిలిచేదాక లేవకు, ఎవలతోని మాట్లాడకు అన్నడు."

"మరి నాతోని మాట్లాడుతున్నవు గద" అన్నాడు కిష్టన్న నవ్వుతూ.

"నువ్వు కోర్టోనివే గద అన్నా."

కిష్టన్న నవ్వు సగంలో ఆగింది. ఛాతీ మీది బిళ్ల వంక చూసుకున్నాడు. పోశక్క అన్నం కలుపుకుంటూ, ఇన్నాళ్లకు చెప్పుకునే మనిషి దొరికినట్టు చెప్పుకుపోతోంది.

"ఎన్నేండ్ల సంది తిరుగుతున్ననో ఆ పాత కోర్టుకు. ఒక్క ముక్క సమజ్ కాలే. అంత మరాఠిల మాట్లాడుకుంటరు, ఆఖరుకు నా దిక్కు చూసి తారీఖు చెప్తరు. ఇయ్యాల అన్నీ మన మాటలే. ఆ వకీలు సాబు నా గోసంత ఉన్నదున్నట్టు చెప్పిండు. నేను చెప్పకముందే ఆయనకెట్ల ఎరికైందో."

"ఒకటే మాట మల్ల మల్ల చెప్పిండు గదక్కా. నీకు అనుమానం రాలే?"

"కోర్టంటె గంతే గద. పోయిన తారీఖుకు చెప్పిందే ఈ తారీఖుకు చెప్తరు."

"మరి ఆ కెమెరాలు?"

"పోయినేడు ఆ కోర్టుల టీవీ పెట్టి, దాంట్ల ఎవలతోనో మాట్లాడిండు జడ్జి సాబు. ఇప్పుడన్నీ గట్లనే అనుకున్న." ఆమె గొంతు తగ్గించింది. "ఇందాక లైట్లు మార్చేటప్పుడు జడ్జి సాబు దిగొచ్చి నా పక్కకే కూసున్నడు. ఏమ్మా, ఎందుకు అంతగనం ఏడ్చినవు అని అడిగిండు. అంత చెప్పిన. ఆఖరుదాక ఇన్నడు. న్యాయం జరుగుతుందమ్మా అన్నడు. ఇగ నాకు పరేషాన్ లేదు."

కిష్టన్న చేతిలోని ముద్దను పళ్లెంలో పెట్టేశాడు.

"ఇయ్యాల తారీఖుకు రాకుంటె ఏమైతదట?"

"పోయినపారి వాగులొచ్చి తొవ్వ బందైంది, రాలేకపోయిన. ఈపారి గూడ రాకుంటె కేసు కొట్టేస్తమన్నరట. కొట్టేస్తె రూపేష్ సేటు నా రెండో మడి గూడ తవ్వుతడు. ఆయనది ఇటికెల బట్టీ. ఒక మడి ఇప్పటికే ఇటికెలై పోయింది."

"మీ వకీలు సాబు పేరేంది?"

"అమిత్ సాబు."

జడ్జి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న మనిషి కిష్టన్న కళ్ల ముందు కదిలాడు. ఈ కోర్టు ఏ పాటి కోర్టో ఆ మనిషికి తెలుసు, తెలిసే తెచ్చి ఇక్కడ దించాడు. ఈమె ఇక్కడ కూర్చుని ఉంటే, అక్కడ ఆమె పేరు పిలుస్తారు, ఎవరూ పలకరు. కిష్టన్న లేచి చెయ్యి కడుక్కున్నాడు.

"అక్కా, ఇది కోర్టు గాదు. సినిమా తీస్తున్నరు. నీ కోర్టు ఆ పాతదే. లే, పోదాం."

పోశక్క ఆయన్ను ఎగాదిగా చూసింది. "నీకేమన్న అయిందా అన్నా? పొద్దటిసంది హాజిర్ హో అని నువ్వే గద పిలుస్తున్నవు."

కిష్టన్న ఆమె చెయ్యి పట్టుకుని లేపి, జడ్జి గద్దె పక్కనుంచి గోడ వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ రంగు లేని ప్లైవుడ్ పలకలు, వాటికి దన్నుగా కట్టిన వెదురు బొంగులు, గాలికి పడకుండా పెట్టిన ఇసుక బస్తాలు ఉన్నాయి. విరిగిపోతే మార్చడానికి ఉంచిన ఇంకో సింహాల బొమ్మ మూలకు ఆనించి ఉంది. పోశక్క దాన్ని వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగి, అక్కడ చిన్న గుంట పడింది. ఆమె ఆ గుంట వంక చూస్తూ నిలబడింది.

"మరి జడ్జి సాబు?"

"వేషం."

"ఆ వకీలు సాబు?"

"వేషమే అక్కా. రాసిచ్చింది చదివిండు."

"నా సంగతి ఎవలు రాసిండ్రు?"

ఆమె వేళాకోళానికి అడగలేదు. కిష్టన్నకు కూడా ఆ క్షణాన అదే అడగాలనిపించింది. తెలియదన్నాడు.

గోడ చుట్టూ తిరిగి వస్తుంటే దీపశ్రీ ఎదురొచ్చింది. చేతిలో వాకీటాకీ గరగరమంటోంది. "పెద్దనాయినా, ఏడికి? ఇప్పుడు మీ ఇద్దరిదే షాటు. సార్ లైటు పెట్టించి కూసున్నరు."

కిష్టన్న చెప్పాడు. ఎక్కడా ఆగకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు. దీపశ్రీ ముఖంలో విసుగు పోయి, భయం వచ్చింది.

"ఇప్పుడు ఈమె లేకుంటె నన్ను తీసేస్తరు పెద్దనాయినా. ఈ క్లోజప్ కోసమే ఆగిండ్రు. నీ ముఖం గూడ నిండుగ పడుతది దాంట్ల. మల్ల రాదు."

"ఆమె మడి గూడ మల్ల రాదు బిడ్డా."

వాకీటాకీలో ఎవరో ఆర్టిస్టులు రెడీయా అని అడిగారు. దీపశ్రీ పోశక్క వంక చూసింది. డైరెక్టర్‌కు అంత నచ్చిన ముఖం ఇప్పుడు ఆరిపోయి ఉంది. దీపశ్రీ వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "తయారైతున్నరు సార్" అంది. వాళ్ల వైపు వీపు తిప్పి, మెల్లగా, "నేను మిమ్ముల చూడలే. గేటు కాడ నీళ్ల డబ్బాల ఆటో ఉన్నది, అంజిని అడుగు" అంది.

అసలు కోర్టు ఆవరణలో కిష్టన్న వేషంతోనే దిగాడు. విప్పే తీరిక ఎక్కడిది. జనం దారి ఇచ్చారు. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న అసలు బంట్రోతు, మామూలు ఖాకీ చొక్కా మనిషి, ఈ పాగానూ బిళ్లనూ చూసి ఎవరో పెద్ద కోర్టు నుంచి వచ్చారనుకుని లేచి నిలబడ్డాడు. సంగతి విన్నాక నవ్వాలో కసరాలో తెలియక తల గోక్కున్నాడు.

"పొద్దున పిలిచినం. పలకలే. ఆఖరుకు చూస్తమని పక్కకు పెట్టిండ్రు జడ్జి సాబు. ఇప్పుడు అదే నడుస్తున్నది."

లోపలి నుంచి అమిత్ వకీలు గొంతు వినిపిస్తోంది. మరాఠీలో, మర్యాదగా, కబురు పంపినా ఆమె రాలేదనీ, ఆమెకు కేసు మీద ఆసక్తి లేనట్టుందనీ, తాను మాత్రం ఏం చేయగలననీ చెబుతున్నాడు. గొంతు పెంచలేదు, వేలు చూపలేదు. ఒక మనిషి మడి అలాంటి మెత్తటి గొంతుతోనే పోతుందని కిష్టన్న ఎప్పుడూ అనుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే పోశక్క మెట్టు మీద కూర్చుని ఉంది.

"లోపటికి పో అక్కా."

"పిలువనియ్యి అన్నా. పిలువకుంటె పోవద్దంటరు. ఒక్కపారి పోతె కసిరి బయటికి పంపిండ్రు."

బంట్రోతు లోపలి నుంచి చెప్పందే పిలవడానికి వీల్లేదన్నాడు. లోపల జడ్జి ఏదో రాయించడానికి టైపు చేసే అమ్మాయి వైపు తిరిగాడు. ఇది ప్లైవుడ్ కాదు, గోడలు ఇటుకవి, ఇక్కడ నోరు జారితే జైలు కూడా అసలుదే. అయినా కిష్టన్న గుమ్మంలో నిటారుగా నిలబడ్డాడు.

"పోశక్కా, హాజిర్ హో."

ఆ గొంతు ప్రాణహిత దాటే గొంతు. లోపల కాగితాలు తిప్పుతున్న చేతులన్నీ ఆగాయి. పోశక్క లేచి, కొంగు సరిచేసుకుని, లోపలికి నడిచింది.

ఎవరు పిలిచారని జడ్జి అడిగాడు. కిష్టన్న చేతులు జోడించుకుని, బజారులో నేర్చిన మరాఠీలో ఉన్నదంతా చెప్పాడు. సినిమా కోర్టు అనగానే వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జి నవ్వలేదు.

"ఈమెను అక్కడ ఎవరు దించారు?"

"ఆమె వకీలే సాబ్."

చదువు లేని మనిషి, దారి తప్పి ఉంటుందని అమిత్ వకీలు అన్నాడు. జడ్జి ఆయన్ను కాసేపు చూశాడు. వకీలు తన కాగితాల అంచులు సరిచేసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత జడ్జి పోశక్కను ఏదో అడిగాడు. ఆమెకు అర్థం కాక కిష్టన్న వైపు తిరిగింది. జడ్జి తల పంకించి, ఆమె వచ్చినట్టు, కేసు నడుస్తున్నట్టు, మళ్లీ వచ్చేటప్పటికి తెలుగులో చెప్పే మనిషిని పెట్టాలని, కావాలంటే ఆమె వేరే వకీలును పెట్టుకోవచ్చని రాయించాడు. తారీఖు చెప్పాడు. టీ తాగినంత సేపు కూడా పట్టలేదు.

బయట అమిత్ వకీలు బండి స్టార్ట్ చేసి, కిష్టన్న పక్కకు తెచ్చి ఆపాడు.

"సినిమావాళ్లు రేపు పోతరు. నువ్వు ఈ ఊర్లనే ఉంటవు గద పెద్దమనిషీ?"

"ఈడ్నే ఉంట. ఏడికి పోత" అన్నాడు కిష్టన్న.

అంజి ఆటో నీళ్ల డబ్బాలకు వెళ్లిపోయింది. వేషం తిరిగిచ్చేయాలి కాబట్టి ఇద్దరూ గోదాము దారి పట్టారు. జడ్జి ఏం రాయించాడో కిష్టన్న నడుస్తూ విడమరిచి చెప్పాడు. కేసు పోలేదని, మడి ఉందని రెండుసార్లు చెప్పాడు. పోశక్క తల ఊపింది. సంతోషించిందో లేదో ఆయనకు తెలియలేదు. ఇంతలో దీపశ్రీ ఫోన్ చేసింది. డైరెక్టర్ కోపం చేసి, వేరే ఆమెను కూర్చోబెట్టి కళ్లల్లో మందు వేసి ఆ షాటు తీశాడట. గుమ్మంలో ఎవరూ లేకుండానే తీశాడట. తన ఉద్యోగం సంగతి సాయంత్రానికి తెలుస్తుందంది. హీరో సీను ఇంకో వైపు నుంచి మళ్లీ తీస్తున్నారనీ, డ్రెస్సు త్వరగా తెమ్మనీ చెప్పి పెట్టేసింది.

కిష్టన్న పాగా తీసి చంకలో పెట్టుకున్నాడు. సినిమా తెర మీద తన ముఖం ఎంత ఉండేదో అనుకుని, ఆ ఆలోచనను ఉమ్మేసినట్టు పక్కకు ఉమ్మి నడిచాడు.

కొంత దూరం పోయాక పోశక్క అడిగింది. "అన్నా, వచ్చే తారీఖు ఆ కోర్టుకు మార్చుమంటె మారుస్తరా?"

"ఏ కోర్టుకు?"

"గా సినిమా కోర్టుకు."

"అది ఉత్త ప్లైవుడ్ అక్కా. సూపిచ్చిన గద."

"సూసిన. నా వేలే దిగింది గద దాంట్ల. అయితేంది, ఆడ మన మాటలు మాట్లాడుతరు. నేను చెప్పింది ఆఖరుదాక ఇన్నరు."

కిష్టన్న జీవితంలో అన్నీ అడిగిన మనిషే గానీ, అడిగించుకోవడం అలవాటు లేదు. రోడ్డు వంక చూస్తూ అన్నాడు.

"రేపు ఇప్పేస్తరక్కా దాన్ని. పలకలు లారీల ఏసుకొని పోతరు."

పోశక్క మూట ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. బస్సు స్టాండుకు తిరిగే మలుపు వచ్చింది. ఆమె అటు తిరగలేదు.

"ఇయ్యాల్టిదాకనన్న ఉంటది గద" అంది. "పా. ఆ వకీలు సాబు మాట ఇంకొక్కపారి ఇని పోత."